బొటనవేలు బెణికిందా, తెగిందా? స్కాన్‌లో ఏం వెతకాలి

పరుగు మీదున్న ఆటగాడు ముందుకు తూలి పడ్డాడు. మునివేళ్లు నేలకు ఆని ఉన్నాయి, మడమ పైకి లేచి ఉంది. సరిగ్గా అప్పుడే వెనక వస్తున్న మరో ఆటగాడి బరువంతా ఆ మడమ మీద పడింది. కాలి బొటనవేలు పైకి ఎంత వంగగలదో అంతకు మించి వంగిపోయింది. కుంటుకుంటూ బయటికొచ్చాడు. సాయంత్రానికి వేలి మొదలు వాచింది, అరికాలి వైపు కమిలి నల్లబడింది. ఎక్స్‌రే తీశారు. ఎముక విరగలేదు, బెణికింది అంతే అన్నారు. నాలుగు వారాలు గడిచినా అతను మునివేళ్ల మీద బరువు వేసి పరుగు అందుకోలేకపోతున్నాడు.

"బెణికింది అంతే" అన్న మాట దగ్గరే చాలామంది క్రీడాకారులకు అసలు కష్టం మొదలవుతుంది. నిజానికి ఆ ఎక్స్‌రే తప్పు చెప్పలేదు. ఎముక విరిగిందా అని అడిగారు, విరగలేదని చెప్పింది. లిగమెంట్ (ఎముకను ఎముకకు కట్టి ఉంచే పీచు) సంగతి దాన్ని ఎవరూ అడగలేదు. బొటనవేలి గాయాల్లో ఏ స్కాన్ గొప్పదన్న చర్చ కన్నా, ఏ స్కాన్‌ను ఏం అడగాలి, వేలిని ఏ భంగిమలో పెట్టి అడగాలి అన్నవే ముఖ్యమని నేను గట్టిగా నమ్ముతాను. అదెందుకో చెప్పడానికే ఇదంతా.

ఈ గాయానికి వాడుకలో ఉన్న పేరు టర్ఫ్ టో. టర్ఫ్ అంటే పచ్చిక. ఈ పేరులో మాత్రం కృత్రిమ పచ్చిక. 1966లో హ్యూస్టన్‌లోని ఆస్ట్రోడోమ్ స్టేడియంలో కృత్రిమ పచ్చిక పరిచాక అమెరికాలో చాలా మైదానాలు ఆ దారి పట్టాయి. నేల గట్టిపడింది, బూటుకు దాని మీద పట్టు పెరిగింది. బూట్లు కూడా తేలికై, అడుగు భాగం సులువుగా వంగేలా తయారవుతూ వచ్చాయి. 1976లో బవర్స్, మార్టిన్ అనే ఇద్దరు పరిశోధకులు, వెస్ట్ వర్జీనియా యూనివర్సిటీ ఫుట్‌బాల్ ఆటగాళ్లలో ఈ గాయాన్ని గమనించి, నేలకూ బూటుకూ దానితో ఉన్న సంబంధాన్ని వివరిస్తూ రాశారు. టర్ఫ్ టో అన్న పేరు అక్కడి నుంచే వచ్చింది. 1990లో 80 మంది ప్రొఫెషనల్ అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాళ్లతో చేసిన సర్వేలో 45 శాతం మంది ఈ గాయం తమకు అయిందన్నారు. వాళ్లలో 83 శాతం మందికి అది కృత్రిమ పచ్చిక మీదే అయింది. పేరును బట్టి ఇది ఒక్క ఆటకే పరిమితం అనుకోకూడదు. సాకర్, బాస్కెట్‌బాల్, కుస్తీ, డాన్స్, ఇలా మునివేళ్లతో నేలను తోసుకుంటూ కదిలే ప్రతిచోటా ఇది వస్తుంది.

వేలే కదా అని తీసిపారేయడానికి లేదు. పిట్స్‌బర్గ్ స్టీలర్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకు ఆడిన జాక్ లాంబర్ట్ 1984 సీజన్‌లో బొటనవేలి గాయంతో సతమతమై, ఆ తర్వాత ఆటకే స్వస్తి చెప్పాడు. కాన్సస్ సిటీ చీఫ్స్ క్వార్టర్‌బ్యాక్ పాట్రిక్ మహోమ్స్ 2021 జనవరిలో ఇదే గాయమైనా సీజన్ చివరి మ్యాచ్‌లు ఆడి, ఫిబ్రవరిలో ఆపరేషన్ చేయించుకున్నాడు.

నువ్వు గింజంత ఎముకలు, వాటి చుట్టూ అల్లిక

స్కాన్‌లో ఏం చూడాలో తెలియాలంటే ముందు ఆ కీలు ఎలా నిలబడుతోందో తెలియాలి. బొటనవేలి మొదట్లో, పాదపు పొడవాటి ఎముక గుండ్రటి తల వచ్చి వేలి మొదటి ఎముకను కలిసే చోటు అది. వేలి ఎముక వైపు గుంట చాలా లోతు తక్కువ. తుంటి కీలులో బంతి గిన్నెలో కూర్చున్నట్టు ఎముకలు ఒకదాన్ని ఒకటి పట్టుకుంటాయి. ఇక్కడ ఆ సౌకర్యం లేదు. ఈ కీలు నిలకడంతా చుట్టూ ఉన్న మెత్తటి కణజాలం మీదే ఆధారపడి ఉంది.

బరువు మాత్రం తక్కువేం కాదు. మామూలు నడకలోనే శరీర బరువులో 40 నుంచి 60 శాతం దాకా ఈ భాగం మీద పడుతుందని అంచనా. ఆటలో అది శరీర బరువుకు రెండు మూడు రెట్లవుతుంది. పరుగెత్తి వచ్చి ఎగిరేటప్పుడు ఎనిమిది రెట్ల దాకా చేరవచ్చు.

ఆ బరువును మోసేందుకు కీలు అడుగున, అరికాలి వైపు, గట్టి పీచులాంటి పొర ఒకటి ఉంటుంది. దాన్ని ప్లాంటార్ ప్లేట్ అంటారు. దానిలో ఇమిడి రెండు చిన్న ఎముకలు ఉంటాయి. పాదం లోపలి అంచు వైపు ఒకటి, రెండో వేలి వైపు ఇంకొకటి. వీటిని సెసమాయిడ్ ఎముకలు అంటారు. నువ్వు గింజల్లా ఉంటాయని పూర్వం పెట్టిన పేరు అది. మోకాలి చిప్ప కూడా ఈ జాతి ఎముకే, కాకపోతే ఒంట్లో అన్నిటికన్నా పెద్దది. మోకాలి చిప్ప తొడ కండరానికి ఎలా సాయపడుతుందో, ఈ రెండూ బొటనవేలిని కిందికి వంచే పొట్టి కండరానికి అలాగే సాయపడతాయి. ఆ కండరం రెండు పాయలుగా వచ్చి ఒక్కో పాయ ఒక్కో సెసమాయిడ్‌ను చుట్టి ముందుకు పోతుంది. రెండు సెసమాయిడ్‌ల మధ్య కాలువలాంటి దారిలో పిక్క నుంచి దిగివచ్చే పొడవాటి టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే తాడు) నడుస్తుంది. రెంటినీ కలుపుతూ అడ్డంగా ఓ లిగమెంట్ ఉంటుంది. కీలుకు అటూ ఇటూ పక్క లిగమెంట్లు ఉంటాయి.

వీటన్నిటిలో ఈ వ్యాసానికి ముఖ్యమైనవి ఒక్కో సెసమాయిడ్ నుంచి ముందుకు వెళ్లి వేలి మొదటి ఎముకను పట్టుకునే రెండు పొట్టి లిగమెంట్లు. ఇవి గట్టిగా ఉంటే బొటనవేలు పైకి వంగినప్పుడు సెసమాయిడ్‌లు కూడా దానితోపాటు ముందుకు జరుగుతాయి. ఇవి తెగితే? పలుపు తెగిన దూడ తల్లి వైపు పరిగెత్తినట్టు, వెనక నుంచి లాగే కండరం వైపు, అంటే మడమ వైపు, సెసమాయిడ్‌లు జరిగిపోతాయి. ఈ ఒక్క విషయం గుర్తుంటే బొటనవేలి ఎక్స్‌రే సగం అర్థమైనట్టే.

గాయాన్ని మూడు స్థాయిలుగా విభజిస్తారు. మొదటిదానిలో లిగమెంట్లు సాగుతాయి, తెగవు. రెండోదానిలో కొంత భాగం తెగుతుంది. మూడోదానిలో పూర్తిగా తెగి కీలు నిలకడ కోల్పోతుంది. కాగితం మీద ఇది స్పష్టంగానే ఉంటుంది. వాచి ముట్టుకోనివ్వని వేలి ముందు కూర్చున్న డాక్టరుకు అంత తేలిక కాదు. వేలి ఎముకను పట్టుకుని పైకి లాగి కీలు ఎంత వదులైందో చూసే పరీక్ష ఒకటుంది. గాయమైన తొలి గంటలో దాన్ని చేస్తే సంగతి బాగా తెలుస్తుంది. తర్వాత నొప్పి వల్ల చుట్టూ ఉన్న కండరాలు బిగుసుకుని ఆ వదులును దాచేస్తాయి. అందుకే స్కాన్ అవసరం పడుతుంది.

ఎక్స్‌రేను తక్కువ చేసి చూడొద్దు

లిగమెంట్ ఎక్స్‌రేలో కనిపించదు కాబట్టి లిగమెంట్ గాయానికి ఎక్స్‌రే దండగ అని, నేరుగా ఎంఆర్‌ఐ తీయించుకుంటే పోతుందని చాలామంది అనుకుంటారు. నేను ఒప్పుకోను. లిగమెంట్ కనిపించకపోయినా అది పట్టుకుని ఉండాల్సిన ఎముకలు కనిపిస్తాయి. మడతబందు కనిపించకపోయినా తలుపు ఒరిగి ఉంటే అది ఊడిందని తెలుస్తుంది కదా, అలాగే.

అయితే ఆ ఎక్స్‌రేను తీసే పద్ధతి ఉంది. మొదటి నియమం, నిలబెట్టి తీయాలి. పడుకున్న మనిషి పాదం మీద బరువు లేదు. తెగిన లిగమెంట్ కూడా అప్పుడు తన చోటే ఉన్నట్టు కనిపించవచ్చు. రెండో నియమం, రెండు పాదాలూ తీయాలి. సెసమాయిడ్‌లు ఎక్కడ ఉండాలన్నది మనిషిని బట్టి కొంత మారుతుంది. దెబ్బ తగలని కాలే ఆ మనిషికి సరైన కొలబద్ద. పై నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి, సెసమాయిడ్‌ల కింద నుంచి వాటి వరుసను చూపించేది ఒకటి, ఇలా మూడు కోణాలు సాధారణంగా తీస్తారు.

పై నుంచి తీసిన చిత్రంలో ప్రతి సెసమాయిడ్ ముందు అంచు నుంచి వేలి మొదటి ఎముక దాకా దూరం కొలుస్తారు. దెబ్బ తగిలిన వైపు ఆ దూరం పెరిగిందంటే అనుమానించాల్సిందే. 1990లలో చేసిన ఒక పరిశోధనలో లోపలివైపు సెసమాయిడ్‌కు 10.4 మిల్లీమీటర్లు, రెండో వేలి వైపు దానికి 13.3 మిల్లీమీటర్లు దాటితే ప్లాంటార్ ప్లేట్ తెగడం దాదాపు ఖాయమని లెక్క తేల్చారు. ఈ అంకెల్ని బండగా వాడకూడదు. అందరి పాదాలూ ఒకే సైజులో ఉండవు, ఎక్స్‌రేలో బొమ్మ కాస్త పెద్దదిగా పడుతుంది కూడా. రెండో కాలితో పోల్చి చూసే అలవాటు ఏ అంకె కన్నా నమ్మదగింది.

ఇంతవరకూ వేలు కదలకుండా తీసిన చిత్రాలు. ఈ గాయం మాత్రం కదలికలో పుట్టింది, కదలికలోనే బయటపడుతుంది. అందుకే వేలిని పైకి వంచి పట్టుకుని పక్క నుంచి ఇంకో ఎక్స్‌రే తీస్తారు. ఆరోగ్యంగా ఉన్న వేలిలో సెసమాయిడ్‌లు వేలితోపాటు ముందుకు వస్తాయి. తెగిన వేలిలో వేలు ఒక్కటే పైకి పోతుంది, సెసమాయిడ్‌లు వెనకే ఉండిపోతాయి. మధ్యలో దూరం సాగుతుంది. 2013లో శవపాదాల మీద లిగమెంట్లను ఒక్కొక్కటిగా కోస్తూ చేసిన ప్రయోగంలో, ఇలా వంచి తీసిన ఎక్స్‌రేలో ఆ దూరం మామూలు కన్నా 3 మిల్లీమీటర్లు పెరిగితే నాలుగు ముఖ్యమైన లిగమెంట్లలో కనీసం మూడు తెగి ఉంటాయని తేలింది. 3 మిల్లీమీటర్లంటే కంటికి ఆనని తేడా. రెండు పాదాల చిత్రాలూ పక్కపక్కన పెట్టుకుని కొలవని వాళ్లకు అది దొరకదు.

ఇదే కదలికను వీడియోలా చూపించే ఎక్స్‌రే పద్ధతి ఫ్లోరోస్కోపీ. డాక్టరు వేలిని నెమ్మదిగా వంచుతుంటే తెర మీద సెసమాయిడ్‌లు కదులుతున్నాయా, ఆగిపోయాయా అన్నది అప్పటికప్పుడే కనిపిస్తుంది. నొప్పి ఎక్కువగా ఉంటే మత్తు సూది ఇచ్చి చేస్తారు. నొప్పి లేకపోతే కండరం బిగుసుకోదు, దాచిందంతా బయటపడుతుంది. ఒక జాగ్రత్త తప్పనిసరి. ఎముక విరగలేదని మామూలు ఎక్స్‌రేతో నిర్ధారించుకున్నాకే వేలిని ఇలా వంచాలి.

రెండు ముక్కలు కనిపిస్తే విరిగినట్టేనా?

ఇక్కడ ఓ తికమక ఉంది, చాలామందిని అనవసరంగా భయపెడుతుంది. కొంతమందికి పుట్టుకతోనే సెసమాయిడ్ ఒక ముక్కగా కాకుండా రెండు ముక్కలుగా తయారవుతుంది. ఎక్కువగా లోపలివైపు దానిలోనే ఇలా ఉంటుంది. వాళ్లకు నొప్పి ఉండదు, ఆ సంగతి తెలియదు కూడా. ఎప్పుడో వేలికి దెబ్బ తగిలి ఎక్స్‌రే తీసినప్పుడు రెండు ముక్కలు కనిపిస్తాయి. విరిగిందని రిపోర్ట్ వస్తుంది.

తేడా అంచుల్లో ఉంటుంది. పుట్టుకతో వచ్చిన ముక్కల అంచులు నున్నగా, గుండ్రంగా, చుట్టూ తెల్లటి గట్టి గీతతో ఉంటాయి. కొత్తగా విరిగిన ముక్కల అంచులు గరుకుగా, పదునుగా ఉంటాయి, ఒకదానికి ఒకటి అతికేలా కనిపిస్తాయి. విరిగిన ముక్కల్ని కలిపితే మామూలు సెసమాయిడ్ సైజు వస్తుంది. పుట్టుకతో వచ్చిన రెండు ముక్కల్ని కలిపితే అంతకన్నా పెద్దది అవుతుంది. రెండో కాలిలో కూడా అలాగే ఉంటే పుట్టుకతో వచ్చిందని నమ్మకం పెరుగుతుంది. రెండో కాలిలో లేకపోయినంత మాత్రాన విరిగిందని చెప్పలేం, ఒక్క కాలిలోనే ఉండే మనుషులూ ఉన్నారు.

అసలైన చిక్కు ఇంకోటి. పుట్టుకతోనే రెండు ముక్కలుగా ఉన్న సెసమాయిడ్‌లో ఆ అతుకు బలహీనమైన చోటు. వేలు అతిగా వంగినప్పుడు లిగమెంట్ తెగే బదులు ఆ అతుకే విడిపోవచ్చు. అప్పుడు ముందు ముక్క వేలితో పోతుంది, వెనక ముక్క కండరంతో పోతుంది. అంచులు నున్నగానే ఉంటాయి కాబట్టి ఇది పాత సంగతే అని రిపోర్ట్ రాసేస్తే పెద్ద గాయం చేజారిపోతుంది. ముక్కల మధ్య ఎడం ఎంత ఉంది, పాత ఎక్స్‌రేలో ఎంత ఉండేది, వేలు వంచితే పెరుగుతోందా అని చూడాలి. ఏ క్రీడాకారుడి దగ్గరైనా పాత పాదం ఎక్స్‌రే ఉంటే పారేయకుండా దాచుకోమని చెప్పేది ఇందుకే.

ముక్కల అంచులు తేల్చుకోలేనప్పుడు సీటీ స్కాన్ బాగా పనికొస్తుంది. ఎముక అంచుల్ని అంత శుభ్రంగా చూపించేది మరొకటి లేదు. లిగమెంట్ తెగుతూ తనతోపాటు పెకలించుకుపోయిన చిన్న ఎముక పెచ్చును కూడా పట్టిస్తుంది. లిగమెంట్ విషయంలో దాని మీద ఆశ పెట్టుకోకూడదు.

అల్ట్రాసౌండ్‌కు ఉన్న బలం కదలికను చూపగలగడం. వేలిని వంచుతూ లిగమెంట్‌ను అప్పటికప్పుడే చూడొచ్చు, పక్క కాలితో వెంటనే పోల్చుకోవచ్చు, రేడియేషన్ ఉండదు. మైదానం పక్కనే చేసేయొచ్చు. బలహీనత కూడా అంతే పెద్దది. అరికాలి చర్మం మందం, సెసమాయిడ్‌ల వెనక ఉన్నవాటిని ఆ ఎముకలే మరుగు చేస్తాయి, ఫలితమంతా ప్రోబ్ పట్టుకున్న చేతి అనుభవం మీద ఆధారపడుతుంది. బొటనవేలి కీళ్లను నిత్యం చూసే చెయ్యి దొరికితే ఇది చాలా మంచి పరీక్ష.

ఎంఆర్‌ఐ: పాదానికి కాదు, ఆ కీలుకు

లిగమెంట్‌ను నేరుగా చూపించేది ఎంఆర్‌ఐ. మూడో స్థాయి గాయం అనుమానం ఉన్నా, ఆపరేషన్ గురించి ఆలోచిస్తున్నా, నొప్పికీ ఎక్స్‌రేకూ పొంతన కుదరకపోయినా ఎంఆర్‌ఐ తీయాల్సిందే. అయితే ఇక్కడే నాకు అన్నిటికన్నా ఎక్కువ బాధ కలిగించే పొరపాటు జరుగుతుంది. చీటీ మీద "పాదం ఎంఆర్‌ఐ" అని రాస్తారు. మడమ నుంచి వేళ్ల కొస దాకా పాదమంతా ఒకే చట్రంలో పట్టేలా, మందపు పొరలుగా స్కాన్ తీస్తారు. మనం చూడాల్సిన లిగమెంట్ పొడవే సెంటీమీటరు చుట్టుపక్కల ఉంటుంది, మందం కొన్ని మిల్లీమీటర్లు. పాదమంతా పట్టిన చిత్రంలో అది ఒకటి రెండు పొరల్లో మసకగా కనిపించి మాయమవుతుంది. రిపోర్ట్‌లో నార్మల్ అని వస్తుంది. డబ్బూ సమయమూ ఖర్చయ్యాయి, జవాబు మాత్రం రాలేదు.

సరిగా తీయాలంటే చిన్న కాయిల్‌తో (పాదానికి దగ్గరగా పెట్టి సంకేతాన్ని అందుకునే భాగం), చట్రాన్ని ముందు పాదం వరకే, సుమారు 10 నుంచి 12 సెంటీమీటర్లకు కుదించి, 2 నుంచి 3 మిల్లీమీటర్ల పలుచటి పొరలుగా తీయాలి. అయస్కాంత బలం ఎక్కువగా ఉండే 3 టెస్లా యంత్రం ఉంటే మరీ మంచిది. పొరల దిశ కూడా పాదాన్ని బట్టి కాదు, బొటనవేలి ఎముకను బట్టి పెట్టాలి. బొటనవేలు చాలామందిలో కాస్త పక్కకు తిరిగి ఉంటుంది. పాదానికి నిలువుగా కోసిన పొర వేలికి ఏటవాలుగా పడుతుంది. ఏటవాలుగా కోసిన లిగమెంట్ తెగకపోయినా తెగినట్టు కనిపిస్తుంది. చీటీ మీద "బొటనవేలి మొదటి కీలు, ప్లాంటార్ ప్లేట్, సెసమాయిడ్‌లు చూడాలి" అని ఒక్క వాక్యం రాస్తే టెక్నీషియన్‌కు దారి తెలుస్తుంది. ఆ ఒక్క వాక్యం కోసం డాక్టరును అడగడానికి ఎవరూ మొహమాటపడక్కర్లేదు.

చిత్రం చదివేటప్పుడు పక్క నుంచి చూపించే పొరలే గుండెకాయ. ఒక్కో సెసమాయిడ్ మీదుగా వెళ్లే పొరలో వెనక కండరం, మధ్యలో సెసమాయిడ్, ముందు లిగమెంట్, ఆ తర్వాత వేలి ఎముక ఒకే వరుసలో కనిపిస్తాయి. ఆరోగ్యమైన లిగమెంట్ నల్లటి తాడులా ఉంటుంది. ద్రవాన్ని తెల్లగా చూపించే రకం చిత్రంలో ఆ నల్లటి తాడు మధ్యలో తెల్లటి గీత అడ్డంగా ఈ చివర నుంచి ఆ చివరకు వెళితే పూర్తిగా తెగినట్టు. కొంత దూరమే వెళితే కొంత తెగినట్టు. తాడు తెగకుండా చుట్టూ మాత్రమే తెల్లగా ఉంటే సాగిందనుకోవచ్చు. రెండు సెసమాయిడ్‌ల వైపూ విడివిడిగా చూడాలి. ఒకటి తెగి ఒకటి మిగిలే గాయాలు ఉన్నాయి.

సరిగ్గా ఈ రెంటి మధ్యలో, నడిమి పొరలో, ఒక ఉచ్చు ఉంది. అక్కడ ప్లాంటార్ ప్లేట్ సహజంగానే పలుచన. అది వేలి ఎముకను కలిసే చోట మామూలు మనుషుల్లోనూ చిన్న గుంట ఉండి దానిలో కాస్త ద్రవం చేరుతుంది. కొత్తగా చదివేవాళ్లు దాన్ని చూసి తెగిందంటారు. ఇంకో ఉచ్చు, యంత్రంలోని అయస్కాంత క్షేత్రానికి పీచు సుమారు 55 డిగ్రీల కోణంలో ఉన్నప్పుడు కొన్ని రకాల చిత్రాల్లో ఆరోగ్యమైన లిగమెంట్, టెండన్ కూడా లేత రంగులో కనిపిస్తాయి. ఒక రకం చిత్రంలో కనిపించిన తేడా మిగతా రకాల్లోనూ ఉందా అని సరిచూసుకుంటే ఈ పొరపాటు జరగదు.

లిగమెంట్‌తో ఆగకుండా ఎంఆర్‌ఐలో చూడాల్సినవి ఇంకా ఉన్నాయి. వేలు అతిగా పైకి వంగినప్పుడు వేలి ఎముక అంచు వెళ్లి పాదపు ఎముక తల పైభాగాన్ని గుద్దుతుంది. అక్కడ ఎముక లోపల కమిలిన గుర్తు ఉంటుంది. పైనున్న మృదులాస్థి పొర ఊడి చిన్న ముక్క కీలులో తిరుగుతూ ఉండొచ్చు. కొన్నేళ్ల తర్వాత కీలు బిగుసుకుపోయి వేలు వంగకుండా పోయే ఇబ్బందికి మొదలు ఇక్కడ పడుతుంది. నన్నడిగితే రిపోర్ట్‌లో లిగమెంట్ గురించి ఎన్ని వాక్యాలున్నాయో మృదులాస్థి గురించి కూడా అన్ని ఉండాలి.

కొత్త గాయం ఒకలా, పాతది ఒకలా

కొత్త గాయంలో రక్తం, వాపు నీరు తెగిన చోట చేరతాయి. ఎంఆర్‌ఐలో అవి తెల్లగా మెరిసి తెగిన చోటును ఎత్తిచూపిస్తాయి. అందుకే తొలి రోజుల్లో తీసిన స్కాన్ చదవడం కొంత సులువు. నెలలు గడిచాక ఆ ఖాళీలో మచ్చ కణజాలం నిండుతుంది. అది కూడా నల్లగానే కనిపిస్తుంది. తాడు అతుక్కుపోయినట్టు, కాస్త మందంగా ఉన్నట్టు కనిపిస్తుంది తప్ప తెగినట్టు కనిపించదు. ఆ మచ్చ సాగిపోయి ఉంటుంది, లాగితే పట్టు ఉండదు. ఇలాంటి పాత గాయాల్లో లిగమెంట్ రంగు కన్నా సెసమాయిడ్ ఎక్కడ ఉందన్నదే ఎక్కువ చెబుతుంది. అంటే మళ్లీ నిలబెట్టి, రెండు కాళ్లూ కలిపి, వేలు వంచి తీసిన ఎక్స్‌రే దగ్గరికే వస్తాం. ఎంఆర్‌ఐ తీశాం కాబట్టి ఎక్స్‌రే అక్కర్లేదన్న వాదన ఇక్కడ నిలబడదు.

గాయం అన్నిసార్లూ పైకి వంగడం వల్లే రాదు. వేలు రెండో వేలి వైపు బలంగా నెట్టుకుపోతే లోపలివైపు లిగమెంట్లు తెగుతాయి. పట్టించుకోకపోతే వేలు క్రమంగా పక్కకు ఒరిగి, మొదట్లో బొడిపెలా తేలుతుంది. బీచ్ వాలీబాల్ ఆడేవాళ్లలో వచ్చేది టర్ఫ్ టోకు తలకిందులు. ఇసుకలో వేలు కిందికి మడుచుకుపోయి పైవైపు పొర దెబ్బతింటుంది. దాన్ని శాండ్ టో అంటారు. అరికాలి వైపే చూస్తూ కూర్చుంటే అది దొరకదు. ఎలా పడ్డారో ఆటగాడు చెప్పే మాట స్కాన్ చదివేవాళ్లకు చేరాలి. మ్యాచ్ వీడియో ఉంటే ఇంకా మంచిది.

అసలు దెబ్బే గుర్తులేకుండా వేలి మొదట్లో నొప్పి మొదలైతే దారి వేరు. మెల్లగా పెరిగిన నొప్పి అయితే సెసమాయిడ్‌లో ఒత్తిడి వల్ల వచ్చిన సన్నటి పగులు కావచ్చు. డాన్సర్లలో, దూరం పరుగెత్తేవాళ్లలో ఇది కనిపిస్తుంది. మొదట్లో ఎక్స్‌రేకు అందదు, ఎంఆర్‌ఐలో ఎముక లోపలి వాపుగా తెలుస్తుంది. రాత్రికి రాత్రి ఎర్రగా వాచి, దుప్పటి తగిలినా ఓర్చుకోలేని నొప్పి అయితే గౌట్ (కీళ్లలో యూరిక్ యాసిడ్ స్ఫటికాలు పేరుకునే జబ్బు) గురించి ఆలోచించాలి. దానికి బాగా ఇష్టమైన చోటు ఈ కీలే.

చిత్రం చూసి ఏం మారుతుంది?

స్కాన్ వల్ల నిర్ణయం మారాలి. మొదటి స్థాయి అయితే వేలు పైకి వంగకుండా టేప్ కట్టి, బూటులో కార్బన్ ఫైబర్ లాంటి గట్టి అట్ట వేసి, నొప్పి అనుమతించినంతలో కొద్ది రోజుల్లోనే ఆడొచ్చు. రెండో స్థాయికి సుమారు రెండు వారాలో ఇంకాస్తో విశ్రాంతి కావాలి. మూడో స్థాయిలో వాకింగ్ బూటు, కదలకుండా కట్టు, నెలల లెక్కలో ఓపిక. దానిలోనూ ఆపరేషన్ అక్కర్లేని వాళ్లు చాలామందే ఉంటారు. సెసమాయిడ్‌లు వెనక్కి జారడం, రెండు ముక్కల మధ్య ఎడం పెరగడం, కీలు నిలకడ పూర్తిగా పోవడం, వేలు పక్కకు ఒరగడం, కీలులో వదులు ముక్క ఉండటం, ఇవి కనిపిస్తే సర్జన్ ఆపరేషన్ వైపు మొగ్గుతారు. గమనిస్తే వీటిలో చాలావరకు ఎముక స్థానానికి, కదలికకు సంబంధించినవే.

నొప్పి తెలియకుండా సూది వేయించుకుని మ్యాచ్ ఆడేయాలన్న ఆలోచన మీద మాత్రం నాకు గట్టి అభ్యంతరం ఉంది. టర్ఫ్ టోకు స్టెరాయిడ్, మత్తు సూదులు వద్దనే నిపుణులు చెబుతారు. సగం తెగిన లిగమెంట్‌కు రక్షణగా ఉన్నది ఆ నొప్పి ఒక్కటే. దాన్ని తీసేసి మైదానంలోకి పంపితే రెండో స్థాయి గాయం అదే రోజు మూడో స్థాయి కావచ్చు. ఆడకపోతే జట్టులో చోటు పోతుందన్న టెన్షన్ ఎంత నిజమైనదో తెలుసు. ఆ టెన్షన్‌లో ఉన్న ఇరవయ్యేళ్ల కుర్రాడికో అమ్మాయికో సెసమాయిడ్ ఎంత జరిగిందో తెర మీద చూపించి, పక్క కాలితో పోల్చి చెప్పాలి. ఎందుకు ఆగాలో తమ కళ్లతో చూశాక ఒప్పుకునే అవకాశం ఎక్కువ.

మళ్లీ ఎప్పుడు ఆడొచ్చని తేల్చడానికి మాత్రం ఇంకో ఎంఆర్‌ఐ తీసి లాభం తక్కువ. మానుతున్న లిగమెంట్‌లో తెల్లటి ఛాయ నెలల తరబడి కనిపిస్తూనే ఉంటుంది. వేలు నొప్పి లేకుండా పైకి 50, 60 డిగ్రీలు వంగుతోందా, ఒంటి కాలి మునివేళ్ల మీద లేవగలుగుతున్నారా, పరుగులో దిశ మార్చుకుని ఆ వేలితో నేలను తోయగలుగుతున్నారా అని చూస్తారు. అనుమానం మిగిలితే మొదటి రోజు తీసిన ఎక్స్‌రే పక్కన పెట్టుకుని, మళ్లీ నిలబెట్టి, రెండు పాదాలూ కలిపి ఇంకోటి తీసి ఆ దూరం కొలుస్తారు.